డిప్పమ్మ అడిగిన తూము

ఒక పెద్ద అడవిలో, సింహాలు రాజ్యం చేసిన రోజులు పోయి ఓట్ల రోజులు వచ్చిన చాలాకాలానికి జరిగిన కథ ఇది. సింహం లేకపోలేదు. పింఛను తీసుకుంటూ ఎండలో పడుకుని, తన హయాంలో వానలు వేళకు పడేవని వచ్చేపోయేవాళ్లకు చెబుతుండేది. దానితో మనకు పనిలేదు.

అడవి నడుమ నడిమడుగు అని రాజధాని. శాసనసభ అక్కడే. అక్కడ గుహలకు గిరాకీ పెరిగి, ఆఖరికి తొర్రలు కూడా దొరకక, ఉండలేనివాళ్లంతా కొద్దికొద్దిగా అడవి అంచుకు జరిగారు. అలా ఏర్పడింది అంచుపేట. ఊరు పెరుగుతుంటే ముందు నీళ్లు వస్తాయా, దారులు వస్తాయా అని మీరు అడగవచ్చు. ముందు మునిసిపాలిటీ వస్తుంది.

నేను బి.ఏ. చదివేటప్పుడు మా రాజనీతిశాస్త్రం మాస్టారు, స్థానిక పాలన ప్రజాస్వామ్యానికి ఊయల వంటిదని చెప్పి, ఆ వాక్యం కింద గీత గీయించారు. పరీక్షలో తప్పక వస్తుందన్నారు. వచ్చింది కూడా. అందులో పడుకునేది ఎవరు, ఊపేది ఎవరు అన్నది మాత్రం పాఠ్యప్రణాళికలో లేదు. సరే, అది వేరే సంగతి.

అంచుపేట మధ్యనుంచి ఏనుగుల బాట పోతుంది. ఊరి చివర కొత్త కాలనీలో కాపురముండే ఏనుగులు పొద్దున్నే ఆ బాటన నడిమడుగుకు దుంగలు మొయ్యడానికి వెళ్లి, సాయంత్రం తిరిగి వస్తాయి. ఏనుగులు చెడ్డవి కావు. వాటికి తమ కాళ్ల కింద ఏముందో కనపడదు, అంతే. పెద్దవాళ్లలో చాలామందికి ఉన్న ఇబ్బందే.

బాటకు ఇవతల పొదల్లో డిప్పమ్మ అనే తాబేలు ఉండేది. బాటకు అవతల వాగు, వాగు ఒడ్డున మెత్తని ఇసుక. గుడ్లు పెట్టాలంటే ఆ ఇసుకే దిక్కు. ఇవతల అంతా గట్టినేల. గోరు దిగదు.

పోయిన ఏడు డిప్పమ్మ గుడ్లు పెట్టడానికి బాట దాటబోయింది. సగం దూరం వెళ్లేసరికి ఏనుగులు వచ్చాయి. తలా కాళ్లూ లోపలికి లాక్కుని కూర్చుంది. ఒక ఏనుగు, ఏదో రాయి అడ్డంగా ఉందనుకుని కాలితో పక్కకు నెట్టింది. డిప్పమ్మ దొర్లుకుంటూ బయలుదేరిన చోటికే వచ్చి పడింది. చిప్ప బీటవారింది. ఆ అదురుకు గుడ్లు గట్టినేల మీదే పెట్టేసింది. మధ్యాహ్నానికి ఎండ వాటి పని పట్టింది.

ఈ ఏడు మళ్లీ కడుపు పండింది. వానలు దిగేలోగా గుడ్లు ఇసుకలో పడాలి. పోయినేటి నుంచీ ఆమె అడుగుతున్నది ఒక్కటే: బాట కింద నుంచి ఒక చిన్న తూము. తాబేలు పట్టేంత.

"ఇంద్రభవనం అడుగుతున్నావా ఏమిటి? బొక్కేగా! ఎలుకలు రోజూ తవ్వుకుంటాయి," అంది పక్కపొద తీతువు పిట్ట. అదీ నేలమీద గుడ్లు పెట్టేదే కనుక డిప్పమ్మతో వదినా వదినా అని చనువు.

"ఎలుకలు తవ్వితే బొక్క వదినా. బాట కింద తవ్వితే ప్రభుత్వ ఆస్తికి నష్టం," అంది డిప్పమ్మ. ఆమెకు అప్పటికే మునిసిపాలిటీ అరుగు ఎక్కి దిగిన అనుభవం ఉంది.

మునిసిపల్ ఛైర్మన్ నెమలి. పేరు చిత్రాంగం. మాట్లాడే ముందు ఒకసారి పింఛం విప్పి, జనం చూశారో లేదో చూసుకుని, అప్పుడు గొంతు సవరించుకునేది. కమిషనర్ పునుగుపిల్లి. అతను కూర్చున్న గదిలో ఎప్పుడూ కమ్మని వాసన ఉండేది, అర్జీలు మాత్రం కనబడేవి కావు. ప్రతిపక్షానికి కోరయ్య అనే అడవిపంది. విషయం ఏదైనా ముందు లేచి నిలబడి, తర్వాత విషయం ఏమిటని పక్కవాణ్ణి అడిగేది.

కౌన్సిల్ సమావేశంలో డిప్పమ్మ మొర చదివారు.

"అధ్యక్షా! ఇది అన్యాయం!" అంది కోరయ్య లేచి.

"ఏది అన్యాయం? తూము కట్టడమా, కట్టకపోవడమా?" అంది నెమలి.

కోరయ్య పక్కకు వంగి కనుక్కుంది. "కట్టకపోవడం, అధ్యక్షా!"

"మేమూ అదే అంటున్నాం. అయితే అమ్మా డిప్పమ్మా, బాటకు ఇటువైపు పొద మా కిందకు వస్తుంది. అటువైపు ఇసుక మా కిందకు వస్తుంది. బాట మాత్రం రాష్ట్రం కిందకు వస్తుంది. దాని మీద ఎండుటాకు తియ్యాలన్నా పైవాళ్ల అనుమతి కావాలి."

"నేను పైనుంచి పోతానని అనడం లేదు బాబూ. కింద నుంచి పోతానంటున్నాను."

"కింద కూడా వాళ్లదే," అన్నాడు పునుగుపిల్లి నెమ్మదిగా. "పాతాళం దాకా వాళ్లదే. అయితే శాసనసభ్యులతో మన వార్షిక సమావేశం దగ్గరకొచ్చింది. అందులో పెడదాం."

"పోయినసారి పెట్టారుగా," అంది డిప్పమ్మ.

నెమలి పింఛం ముడుచుకుంది.

పోయినసారి ఏం జరిగిందంటే, అంచుపేటలో ఒక ఆచారం ఉంది. పెద్దలు వస్తున్నారంటే తెల్లవారుజాము నుంచే బాట ఖాళీ చేయిస్తారు. ఏనుగులను గుట్ట వెనక నిలబెట్టి, బాట మీద నీళ్లు చల్లి, రెండు పక్కలా పచ్చని కొమ్మలు పాతుతారు. పోయినేడూ అలాగే చేశారు. వచ్చిన ఎమ్మెల్యే బాటను ఆ చివరి నుంచి ఈ చివరికి చూసి, "ఆహా! ఇంత ప్రశాంతమైన బాట నేను నడిమడుగులో కూడా చూడలేదు. దీని కింద తూమెందుకయ్యా? దీని మీద మంచం వేసుకుని పడుకోవచ్చు," అన్నారు. అని వెళ్లిపోయారు. పెద్దవాళ్లకు రోగం చూపించే ముందు రోగికి స్నానం చేయించి, బొట్టుపెట్టి, నవ్వమని కూర్చోబెట్టడం మనకు అలవాటే కదా. మా పెద్దమేనత్త డాక్టరు వస్తున్నాడంటే లేచి ఇల్లు ఊడ్చేది. ఆయన నాడి కూడా చూడకుండా, బాగానే ఉన్నారే అని వెళ్లేవాడు.

"ఈసారి అలా జరగడానికి వీల్లేదు!" అని కోరయ్య బల్ల గుద్దింది. బల్ల లేదు కనుక నేల అదిరింది.

పునుగుపిల్లి మీసాలు దువ్వుకున్నాడు. "నాకొక ఆలోచన వచ్చింది. ఈసారి బాట ఖాళీ చేయించవద్దు. ఉన్న ఏనుగులు చాలవు కూడా. పక్క ఊళ్ల నుంచి మరికొన్ని పిలిపిద్దాం. సభ జరుగుతున్నంతసేపూ గుట్ట చుట్టూ తిరిగి తిరిగి వస్తూనే ఉండాలి. దుమ్ము లేవాలి. నేల దద్దరిల్లాలి. పెద్దల గుండెలు ఒక్కసారి జలదరిస్తే, తాబేలు బతుకేమిటో వాళ్లకే అర్థమవుతుంది."

"వాటికి ఏమిస్తాం?" అంది నెమలి.

"కడుపు నిండా వెలగపండ్లు."

తీర్మానం ఏకగ్రీవంగా నెగ్గింది. అంచుపేట చరిత్రలో నెమలి, అడవిపంది ఒకే మాట మీద నిలబడడం అదే మొదటిసారి అని అక్కడివాళ్లు చెప్పుకున్నారు. అప్పుడే అనుమానించవలసింది. కాని డిప్పమ్మ సంతోషపడింది. ఆ సంతోషంలోనే, సమావేశానికి వేళకు చేరాలని ముందురోజే బయలుదేరింది.

సమావేశం రోజు. పందిరి వేశారు. మైకుగా మైనాను కట్టారు. ఎవరేం మాట్లాడినా అది గట్టిగా పలికేది. తెల్లవారినప్పటినుంచి "హలో, హలో, వినబడుతోందా" అని తనలో తనే అనుకుంటోంది.

ఎమ్మెల్యే ఎలుగుబంటి భల్లం గారు ఎండ బాగా ఎక్కాక వచ్చారు. అధికారపక్షం. ఛైర్మన్ నెమలికి దేవుడు. వెంట పెద్దల సభ సభ్యుడు గుడ్లగూబ గారు వచ్చారు. ఆయనది కోరయ్య పార్టీ. ఎంతో చదువుకున్నవారు. పగటిపూట కళ్లు మూసుకునే ఉంటారు. సభ పగలు జరుగుతుంది కనుక ఆయన అభిప్రాయాలు ఎవరికీ తెలియవు.

దండలు వేశారు. దండలు వేసేటప్పుడు ఎమ్మెల్యే గారు కమిషనర్ చెవిలో, "భోజనంలో తేనె ఉందా?" అన్నారు.

"భోజనంలో తేనె ఉందా?" అంది మైనా ఊరంతటికీ వినబడేలా.

జనం చప్పట్లు కొట్టారు.

నెమలి లేచింది. పింఛం విప్పింది. భల్లం గారు అంచుపేటకు తండ్రి వంటివారంది. తర్వాత తల్లి వంటివారంది. మధ్యలో నాలుగు అడుగులు నాట్యం కూడా చేసింది. ఎవరూ అడగలేదు. చివరికి, "మా పట్టణంలో చిన్నజీవులు బాట దాటడానికి పడుతున్న బాధను ఇప్పుడు డిప్పమ్మ గారే స్వయంగా వేదిక మీదికి వచ్చి విన్నవిస్తారు," అంది.

డిప్పమ్మ వెనక వరసలో ఉంది. ఆడవాళ్లను, నెమ్మదస్తులను అక్కడే కూర్చోబెడతారు. పేరు వినగానే బయలుదేరింది.

ఆమె తన ముందున్న వరస దాటేలోపు కమిషనర్ తోక ఊపాడు. గుట్ట వెనక ఏనుగులు కదిలాయి.

అబ్బ, అది చూడవలసిన దృశ్యం. నేల ఊగింది. పందిరి గుంజలు కిరకిరలాడాయి. దుమ్ములో సూర్యుడు కనబడలేదు. ఏనుగు వెనక ఏనుగు, ఏనుగు పక్కన ఏనుగు, ఒకదాని భుజం ఇంకొకదానికి రాసుకుంటూ వస్తూనే ఉన్నాయి. ఒక దంతం విరిగిన ఏనుగు ఒకటి, వేదిక ముందుకు వచ్చిన ప్రతిసారీ తొండమెత్తి దండం పెట్టింది.

"మీ ఊళ్లో ఒంటిదంతం ఏనుగులు చాలా ఉన్నట్టున్నాయే!" అన్నారు భల్లం గారు.

"ఈ వైపు నేల గుణం సార్," అన్నాడు కమిషనర్.

భల్లం గారి గుండె నిజంగానే జలదరించింది. ఆయన మనసు మంచిదే. లేచి మైనా దగ్గరకు వచ్చారు. కళ్లల్లో నీళ్లు. దుమ్ము వల్ల కూడా కావచ్చు.

"సోదరులారా! ఇంతటి బాధను ఇన్నాళ్లూ ఎలా భరించారు? పోయినేడు నేను వచ్చినప్పుడు ఒక్కరైనా చూపించారా? నా కళ్లతో చూశాను. పాపం, ఈ ఏనుగులు!"

నెమలి పింఛం సగంలో ఆగింది.

"భుజాలు రాసుకుంటున్నాయి! రెండు ఏనుగులు సుఖంగా పక్కపక్కన నడవలేని బాట ఒక బాటేనా? ఈ వేదిక మీదనుంచి ప్రకటిస్తున్నాను. అంచుపేట ఏనుగుల బాటను ఇప్పుడున్నదానికి రెట్టింపు వెడల్పు చేయిస్తాను!"

చప్పట్లు మోగాయి. ఏనుగులు ఘీంకరించాయి. ఆ మోతకు గుడ్లగూబ గారు ఉలిక్కిపడి లేచి, "నేను బలపరుస్తున్నాను," అని మళ్లీ కళ్లు మూసుకున్నారు.

ఎవరైనా, "అయ్యా, మేమడిగింది అది కాదు," అనవలసింది. కాని ఇచ్చే చేతిని మధ్యలో పట్టుకుని ఇది కాదు అది అని అడిగితే, ఉన్నదీ పోతుందని నెమలికి భయం. పైగా బాట వెడల్పు అంటే పెద్ద పని. తూము ప్రారంభోత్సవానికి ఎవరొస్తారు?

"ఇది మా పార్టీ ఎంతోకాలంగా చేస్తున్న డిమాండు!" అంది కోరయ్య.

వందన సమర్పణ అయింది. భోజనాలయ్యాయి. తేనె ఉంది. పెద్దలు వెళ్లిపోయారు, పందిరి విప్పుతున్నారు.

అప్పుడు డిప్పమ్మ వేదిక మీదికి చేరింది.

కాసేపు ఆయాసం తీర్చుకుంది. ఎదురుగా ఖాళీ నేల. దండలు మేస్తున్న ఒక మేక. ఇంకా ఎవరూ విప్పని మైనా.

"అయ్యా," అంది డిప్పమ్మ, ఇంత దూరం వచ్చింది కనుక, "నాకు కావలసింది ఒక చిన్న తూము."

"అయ్యా, నాకు కావలసింది ఒక చిన్న తూము," అంది మైనా గట్టిగా.

మేక తల ఎత్తి చూసి, మళ్లీ మేతలో పడింది.

ఇంటికి పోయేదారిలో తీతువు ఎగురుతూ తిట్టింది, దిగి తిట్టింది. "ఏనుగుల రద్దీ చూపించమంటే చూపించారు. ఎవరి రద్దీ చూపిస్తే వాళ్లమీదే జాలేస్తుంది మరి! నిన్ను తీసుకెళ్లి ఆ వేదిక మీద తిరగేసి పడేసినా బాగుండేది వదినా, కాళ్లు కొట్టుకుంటుంటే నీమీద జాలిపడేవాళ్లు!"

"నన్ను చూడాలంటే కిందకు చూడాలి కదమ్మా," అంది డిప్పమ్మ.

ప్రభుత్వం పనులు ఆలస్యం చేస్తుందని మనం ఊరికే ఆడిపోసుకుంటాం. అక్కర్లేని పని ఎంత చురుగ్గా మొదలవుతుందో మీరూ చూసే ఉంటారు. వారం తిరగకుండా గుత్తేదారు తోడేలు దిగాడు. భల్లం గారి బావమరిదికి స్నేహితుడు. ఎలుగుబంటి బావమరిదికి తోడేలు స్నేహితుడెలా అయ్యాడని అడక్కండి, గుత్తేదారులకు జాతిభేదం లేదు.

బాట వెడల్పు చెయ్యాలంటే ఇసుక కావాలి. దగ్గరలో ఇసుక ఎక్కడుంది? వాగు ఒడ్డున. తోడేలు మనుషులు, మనుషులంటే నక్కలే అనుకోండి, వాగు ఒడ్డు మొత్తం గోకి, ఇసుకంతా బాటకు ఇవతలకు చేర్చి, గుట్టగా పోశారు. అవతల నల్లని బురద మిగిలింది.

డిప్పమ్మ పొదలోంచి చూసింది. ఇప్పుడు తూము కట్టినా లాభం లేదు. దాటినా అవతల ఏమీ లేదు. ఆమె ఏడవలేదు. తాబేళ్లు ఏడ్చినా తెలియదు. మెడ లోపలికి లాక్కుని రెండురోజులు బయటికి రాలేదు.

మూడోరోజు తీతువు వచ్చి చిప్ప మీద ముక్కుతో టకటకా కొట్టింది. "వదినా! పని ఆగిపోయింది!"

"ఎందుకట?"

"ఎందుకో ఎవరికి తెలుసు? తోడేలు నక్కల్ని వేసుకుని ఇంకో ఊరు పోయాడు. అక్కడ వంతెనట, అది ఇంకా పెద్ద పనట. అది కాదు నేను చెప్పేది. తల బయటపెట్టి చూడు. నీ ఇసుక ఎక్కడుంది?"

డిప్పమ్మ మెడ చాచింది. ఇసుకగుట్ట పొద పక్కనే ఉంది. బాటకు ఇవతల. మెత్తగా, వెచ్చగా, వాగు ఒడ్డున ఉన్నదానికంటే ఎత్తుగా. వాన వచ్చినా నీళ్లు నిలవవు. మధ్యలో ఏనుగు లేదు, బాట లేదు.

ఆ సాయంత్రమే డిప్పమ్మ ఆ గుట్ట ఎక్కింది. గొయ్యి తీసింది. గుడ్లు పెట్టి, ఇసుక కప్పి, పొట్టతో చదును చేసి దిగింది. ఆమె బతుకులో ఇంత సుఖంగా ఎప్పుడూ గుడ్లు పెట్టలేదు. ఇక కావలసింది, అవి పిల్లలయ్యేదాకా ఆ గుట్టను ఎవరూ ముట్టుకోకపోవడం.

కాని అంచుపేటకు ఒక మునిసిపాలిటీ ఉంది కదా.

ఇసుకగుట్ట బాటలోకి కొంత జారింది. ఏనుగులు చుట్టూ తిరిగి పోవలసి వస్తోంది. కోరయ్యకు చేతినిండా పని దొరికింది. "ఆగిన పనులు వెంటనే ప్రారంభించాలి!" అని గుట్ట ముందు నిరాహారదీక్షకు కూర్చుంది. రెండుపూటల తిండికి మధ్య కూర్చునేది. నెమలికి రోషం వచ్చింది. నడిమడుగుకు కబురు పంపి, భల్లం గారిని ఒప్పించింది. వచ్చే సంత రోజున భల్లం గారూ గుడ్లగూబ గారూ స్వయంగా వచ్చి పని మళ్లీ ప్రారంభిస్తారు. తోడేలు కూడా వస్తాడు. ముందుగా ఆ ఇసుకగుట్టను బాట మీద పరిచి, ఏనుగుల చేత తొక్కిస్తారు.

ఆ మాట తీతువు మోసుకొచ్చింది.

"పోయి చెప్పు వదినా, అందులో నీ గుడ్లున్నాయని చెప్పు. నెమలి కూడా గుడ్లు పెట్టే జాతేగా!"

"మగనెమలి," అంది డిప్పమ్మ.

అయినా బయలుదేరింది. ఏర్పాట్ల సమావేశం ఆ సాయంత్రమే. దారి పొడుగునా ఆలోచించుకుంది. నెమ్మదిగా నడిచేవాళ్లకు ఉన్న ఒకే ఒక్క సౌకర్యం అది, చేరేలోపు రెండోసారి కూడా ఆలోచించుకోవచ్చు. బాధ చెప్పుకుంటే ఏమైంది? చెప్పని రోజుల్లో బాట ఒక్కటే అడ్డం. చెప్పుకున్నాక ఇసుకే పోయింది. ఇప్పుడు గుడ్లున్నాయని చెబితే ఏం చేస్తారు? గుడ్ల సంరక్షణకు సంఘం వేస్తారు. సంఘం గుడ్లను తనిఖీ చెయ్యాలంటుంది. తవ్వి తీస్తారు. ఫొటో కోసం భల్లం గారు చేత్తో పట్టుకుంటారు. ఎలుగుబంటి చెయ్యి ఎంత ఉంటుందో డిప్పమ్మ చూసింది.

ఆమె అరుగు ఎక్కేసరికి సమావేశం ఉత్సాహంగా సాగుతోంది. పందిరి ఎక్కడ, దండలు ఎన్ని, తేనె ఏ చెట్టుది అన్నీ తేలిపోయాయి.

"ఏమ్మా డిప్పమ్మా, నీ పనేగా ఇదంతా, సంతోషమేనా?" అంది నెమలి.

"సంతోషమే బాబూ. ఒక్క సందేహం. ప్రారంభించేటప్పుడు బండరాయి మీద పేర్లు చెక్కి పాతుతారు కదా?"

"పాతకుండా ఎలా? రాయి లేకపోతే పని జరిగిందని ఎవరు నమ్ముతారు?"

"ఆ రాయి మీద ఎవరి పేరు ముందుంటుంది?"

ఆ మాటతో సభలో అందరి మెడలూ ఒక్కసారి లేచాయి.

"ఇందులో అడగడానికేముంది," అంది నెమలి. "భల్లం గారి పేరు. దానికింద నా పేరు."

"అధ్యక్షా!" కోరయ్య ఈసారి విషయం అడక్కుండానే లేచింది. "గుడ్లగూబ గారు పెద్దల సభ! పెద్దల సభ అన్నాక పేరు పెద్దదా చిన్నదా? ముందు ఆయన పేరు ఉండాలి!"

"ఆయన ఆ రోజు నిద్రపోయారు!"

"లేచి బలపరిచారు! ఆయన బలపరచకపోతే ఈ బాటే లేదు!"

"ప్రజలు ఎన్నుకున్నది ఎవర్ని?"

"చదువుకున్నది ఎవరు?"

"కమిషనర్ గారూ, నిబంధన ఏమిటో చెప్పండి," అంది నెమలి.

పునుగుపిల్లి ఇద్దరి వంకా చూశాడు. రేపు ఎవరి ప్రభుత్వం వస్తుందో అన్నట్టు ఆకాశం వంక కూడా చూశాడు. "నిబంధన ఉంది సార్. అయితే అది రెండు విధాలుగా ఉంది. నడిమడుగు నుంచి వివరణ తెప్పించుకోవడం మంచిది."

వివరణ అడిగారు. అడిగిన సంగతి ఇద్దరు పెద్దలకూ చేరింది. అంతవరకు ఆ రాయి సంగతే తలచుకోని భల్లం గారు, రెండోపేరుగా ఉండడం తన నియోజకవర్గ ప్రజలకు అవమానమన్నారు. గుడ్లగూబ గారు చాలా ఏళ్ల తర్వాత పగటిపూట రెండు కళ్లూ తెరిచి, ఇది పెద్దల సభ గౌరవానికి సంబంధించిన విషయమన్నారు. పక్కపక్కన చెక్కిద్దామని ఒక మధ్యవర్తి అంటే, ఎడమవైపు ఎవరు అని తేలలేదు. గుండ్రంగా చెక్కిద్దామంటే, ఎక్కడ మొదలుపెట్టి చదవాలో తేలలేదు. విషయం రెండు సభలకూ ఎక్కింది. రెండు సభలూ వాయిదా పడ్డాయి.

సంత రోజు వచ్చింది, పోయింది. తోడేలు వంతెన పనిలోనే ఉండిపోయాడు. గుట్ట మీద గడ్డి మొలిచింది. కోరయ్య గుట్ట సంగతి వదిలేసి రాయి కోసం దీక్ష మొదలుపెట్టింది. నెమలి దానికి పోటీగా ఇంకో దీక్ష మొదలుపెట్టింది. ఏనుగులు గుట్టను చుట్టి పోవడం అలవాటు చేసుకున్నాయి. వాటినెవరూ ఏమీ అడగలేదు, మొదటినుంచీ కూడా.

వానలు దిగాయి. ఒక ముసురు పొద్దున ఇసుకగుట్ట పైన చిన్న కదలిక కనబడింది. నాణెమంత చిప్ప ఒకటి బయటికి వచ్చి, జారి, వెల్లకిలా పడి, కాళ్లు కొట్టుకుని, తిరగబడి, పొదవైపు నడిచింది. దాని వెనక ఇంకొకటి. దాని వెనక వరసగా అన్నీ.

తీతువు వాటి పైన ఎగురుతూ కేకలు పెట్టింది. అది అరిస్తే అపశకునమని జనం తలుపులు వేసుకుంటారు. ఆ రోజు వేసుకున్నారు కూడా. అంచేత పిల్లలు పొద చేరేదాకా ఎవరి కంటా పడలేదు.

"ఇంత రాజకీయం నీకెక్కడిది వదినా?" అంది తీతువు కిందకు దిగి.

"రాజకీయం ఏముందమ్మా. నా బాధ అడిగితే వాళ్లకు వినబడలేదు. వాళ్ల బాధ అడిగాను."

ఆ మరుసటి సమావేశంలో మునిసిపాలిటీ, తాబేళ్ల గూళ్ల వద్దకే ఇసుక సరఫరా చేసిన మొదటి పట్టణంగా తనను తాను అభినందించుకుంటూ తీర్మానం చేసింది. డిప్పమ్మను సన్మానానికి పిలిచారు. ఆమె వస్తున్నానని చెప్పింది. వస్తూనే ఉంది.

నీతి: ప్రభుత్వం చేత పని చేయించుకోవడం ఏనుగుకైనా కష్టమే, ఆపించుకోవడం తాబేలుకు కూడా చేతనవుతుంది.